చెట్టు లేని వార్త

భూపాలపల్లి ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉందనగా బస్సు ఆగిపోయింది. రోడ్డు వెడల్పు చేస్తున్నారు. పక్కనున్న పెద్ద వేపను మిషన్ రంపంతో కోస్తున్నారు. అది పడేదాకా రెండు వైపులా బండ్లను ఆపేశారు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. రంపం కీచుమంటూ మొదట్లోకి దిగింది. నలుగురు మోకు పట్టుకొని అటూ ఇటూ పరుగెత్తారు. చెట్టు వాళ్లనుకున్న చోట కాకుండా ఇంకోచోట పడింది. పడుతూ పడుతూ కరెంటు తీగను కూడా లాక్కొని పడింది. బస్సులో అందరూ తీగ వైపు చూసి కేకలు వేశారు. నేను మాత్రం నేల మీద ఎవరైనా పుల్ల గుచ్చారా అని వెతికాను. ఎవరూ గుచ్చలేదు.

పుల్ల గుచ్చే మనిషి చనిపోయాడని చెప్పడానికే అంతకు నాలుగు రోజుల ముందు ఆయన కూతురు నాకు ఫోన్ చేసింది. ఆమెను నేను అప్పటిదాకా చూడలేదు.

"సారూ, మా నాయిన పోయిండు. ఆయన ఫోన్ల మీ నంబరు 'పేపర్ సారు' అని ఉన్నది. ఐతారం ఆదరణ కూడిక పెట్టుకున్నం. మీరు రావాలె. మిమ్ముల ఒకటి అడిగేదున్నది."

"ఏందమ్మా?"

"ఫోన్ల అడిగేది గాదు సారూ."

క్రైస్తవుల ఇళ్లలో మనిషి పోయిన కొద్ది రోజులకు బంధువులు, సంఘం వాళ్లు కలిసి కూర్చుంటారు. ప్రార్థన చేసుకొని, పోయిన మనిషి గురించి నాలుగు మాటలు చెప్పుకుంటారు. దాన్నే ఆదరణ కూడిక అంటారు. వృత్తిరీత్యా అలాంటివి చాలా చూశాను. కానీ ఈ ఒక్కదానికి వెళ్లడానికి నా కాళ్లు అంత తేలికగా కదలలేదు.

* * *

ఆయన్ని మొదట చూసింది జనగామలో. రాష్ట్రం కోసం ఉద్యమం ఊళ్లలో రాజుకుంటున్న రోజులు. నేను అక్కడ మా పేపరుకు విలేకరిని. ఆఫీసు వెనుక సందులో ఎండిపోయిన మామిడిచెట్టు ఒకటి మూడు ఇళ్ల మీదికి వంగి ఉండేది. దాన్ని కొట్టించాలని ఎవరిని పిలిచినా, చూసి తల అడ్డంగా ఊపి వెళ్లిపోయేవాళ్లు. ఒకరోజు రఘునాథపల్లి వైపు నుంచి సైకిలు మీద ఒకాయన వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. ఇద్దరు పట్టే పొడవాటి రంపాన్ని గోనెసంచిలో చుట్టి సైకిలుకు కట్టుకొని, అవతలి పిడి పట్టే జోడీదారుతో వచ్చాడు.

వచ్చినవాడు ఎవరితోనూ మాట్లాడలేదు. చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. బెరడు మీద అరచెయ్యి ఆనించి, తల పైకెత్తి కొనకొమ్మ దాకా చూశాడు. ఆ చేతికి రెండు వేళ్లు సగానికే ఉన్నాయి. తరువాత ఒక ఎండుపుల్ల విరిచి, గోడకూ నల్లాకూ మధ్య ఉన్న జానెడు సందులో నేలకు గుచ్చాడు.

"గీడ పడ్తది."

"పడకపోతే?" అన్నాడు ఇంటాయన.

"పడకపోతే నా మీద పడ్తది. మీకేం ఫికరు లేదు."

కోత సగంలో ఉండగా ఆయన భార్య సద్దిగిన్నె పట్టుకొని వచ్చింది. పొట్టి మనిషి. గొంతు మాత్రం మూడిళ్ల అవతలికి వినిపిస్తుంది. మొగుడు రంపం పక్కనే చెయ్యి పెట్టి పొట్టు తీయడం చూసి, సందు మొగలోంచే అరిచింది.

"ఓ తొర్రమొద్దూ! నిమ్మలంగ కొయ్యి. ఉన్న వేళ్లన్న ఉంచుకో!"

మేడల మీద నిలబడి చూస్తున్నవాళ్లంతా నవ్వారు. ఆయన తల తిప్పకుండానే, "తొర్రమొద్దును చేసుకున్నదానివి, నువ్వేమన్న గంధపు చెక్కవా?" అన్నాడు. అప్పుడు ఇంకా గట్టిగా నవ్వారు. గంట తరువాత చెట్టు పడింది. దుమ్ము తగ్గాక పోయి చూస్తే పుల్ల కనిపించలేదు. మొద్దు కింద మేకులా నేలలోకి దిగిపోయింది.

ఆ పుల్ల గురించి రాద్దామని మర్నాడు వాళ్ల ఊరికి వెళ్లాను. ఆదివారం. ఊరి చివర రేకుల షెడ్డులో ప్రార్థన జరుగుతోంది. భార్య లోపల ఉంది. ఆయన బయట సైకిలుకు ఆనుకొని బీడీ తాగుతున్నాడు. ఇరవై ఏళ్లుగా ప్రతి ఆదివారం ఆమెను సైకిలు మీద తెచ్చి దింపి, అయిపోయేదాకా అక్కడే కూర్చొని, తిరిగి ఎక్కించుకొని పోతాడట.

"లోపటికి పోవా అన్నా?"

"ఆమె దేవుడు ఆమెది. నా రంపం నాది. మా ఇద్దరికి కొట్లాట లేదు సారూ."

* * *

తరువాత బంద్‌లు పెరిగాయి. సమ్మె మొదలైంది. రోడ్ల మీద రాళ్లు పెట్టేవాళ్లు, టైర్లు కాల్చేవాళ్లు, ఎడ్లబండ్లు అడ్డం నిలిపేవాళ్లు. అన్నం వండుకొని అక్కడే తినేవాళ్లు. అయితే ఒక కట్టుబాటు ఉండేది. దవాఖానకు పోయే బండి వస్తే ఎవరూ చెప్పకుండానే రాళ్లు జరిపి, దారి ఇచ్చి, మళ్లీ పెట్టేవాళ్లు. ఆ పని పిల్లలు ఎంత శ్రద్ధగా చేసేవారో నేను చాలాసార్లు చూశాను, రాశాను కూడా.

ఆ రోజు పెద్ద బంద్. హైవే మీద పోలీసులు బలంగా ఉన్నారు. బండ్లను రఘునాథపల్లి పక్కనున్న లోపలి రోడ్డు గుండా మళ్లిస్తున్నారని తెలిసి, కుర్రాళ్లు దాన్ని మూయాలనుకున్నారు. రాళ్లు పెడితే పోలీసులు జరిపేస్తున్నారు. అందుకని ఆయన్ని పిలిచారు.

"మామా, జీపులతోని గుంజినా కదలనిది గావాలె."

ఆయన రోడ్డు వెంట నడిచి చూశాడు. ఒక వాగు మీద కల్వర్టు ఉంది. దాని పక్కన పాత చింతచెట్టు. కల్వర్టుకు రెండు వైపులా నడుమెత్తు గోడలు. చెట్టు మీద అరచెయ్యి ఆనించి పైకి చూశాడు. పోయి సరిగ్గా రెండు గోడల మధ్య, రోడ్డు పగులులో పుల్ల గుచ్చాడు. చెట్టు కొలిచి కోసినట్టు ఆ గోడల మధ్యే పడింది. మొద్దు ఇటు, కొమ్మలు అటు. పక్కనుంచి సైకిలు కూడా పోయే సందు లేదు. కింద వాగు నిండుగా పారుతోంది. కుర్రాళ్లు ఆయన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. నేను ఫొటో తీశాను. ఆయన సిగ్గుపడుతూ నవ్వాడు. తరువాత తన జోడీదారును తీసుకొని అయిదు కిలోమీటర్ల అవతల ఇంకో చెట్టు కొట్టడానికి పోయాడు.

నేను మొద్దు ఉన్న వైపే నోట్‌బుక్కు తీసి రాసుకుంటూ కూర్చున్నాను. పదకొండు దాటాక ఊరి వైపు నుంచి ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ కొమ్మల అవతలికి వచ్చింది. లోపల మొహం కనిపించని ఒక మనిషిని ఒళ్లో పడుకోబెట్టుకొని ఒకామె ఏడుస్తోంది. పత్తి ఏరుతుంటే నాగుపాము కరిచిందని డ్రైవరు అరిచాడు. కుర్రాళ్లు అలవాటు కొద్దీ లేచారు. "దవాఖాన కేసు, జరుపుండ్రి, జరుపుండ్రి" అంటూ ముందుకు ఉరికారు. చెట్టు దగ్గరికి వచ్చి నిలబడిపోయారు.

పదిహేను మంది చేతులు పెట్టి నూకారు. అది కదల్లేదు. ఇద్దరు కొమ్మల్లోకి ఎక్కి, మనిషిని ఎత్తుకొని దాటించడానికి సందు ఉందేమోనని చూసి, మొహాలు గీరుకుపోయి దిగివచ్చారు. కొమ్మలు విరుచుకుంటూ ఎట్లాగో దాటించి ఉంటే బాగుండేదని తరువాత అందరూ అన్నారు. ఆ సమయంలో అందరికీ తోచింది ఒక్కటే, రంపం. ఒక కుర్రాడు ఇవతలున్న బైకు తీసుకొని ఆయన కోసం పోయాడు.

బైకు మీద ఒక్కరికే చోటు. జోడీదారు అక్కడే ఉండిపోయాడు. రంపం భుజాన వేసుకొని ఆయన దిగాడు.

"ఎవలు?"

"ఎవలో మామా, పాముకాటంట. జల్ది."

ఆయన ఆటో వైపు చూడలేదు. కొమ్మల అవతల ఉంది అది. చెట్టు మీద ఎక్కడ కొయ్యాలో చూసుకొని, "ఒక చెయ్యి గావాలె" అన్నాడు. అందరికంటే దగ్గర ఉన్నది నేను. నోట్‌బుక్కు జేబులో పెట్టుకొని రంపం అవతలి పిడి పట్టుకున్నాను.

"సారూ, నువ్వు లాగు. నూకకు. నూకితే రంపం వంగుతది."

నాకు చేతకాలేదు. లాగాల్సింది పోయి నూకాను. రెండుసార్లు రంపం ఇరుక్కుంది. ఆయన ఏమీ అనకుండా రెండుసార్లూ విడిపించాడు. సగం చెయ్యి రంపం పక్కనే పెట్టి పొట్టు ఊడ్చుకుంటూ కోస్తున్నాడు. అప్పుడు కొమ్మల అవతలి నుంచి ఆమె గొంతు వచ్చింది. నాలుక మందమైపోయింది. మాట మాటకూ మధ్య ఎడం ఉంది. అయినా స్పష్టంగానే వినిపించింది.

"ఓ తొర్రమొద్దూ... నిమ్మలంగ కొయ్యి. ఉన్న వేళ్లన్న... ఉంచుకో."

రంపం ఆగింది. ఆయన నా వైపు చూశాడు. ఆ చూపును ఎట్లా చెప్పాలో ఇన్నేళ్ల రాత నాకు నేర్పలేదు. తరువాత తల వంచుకొని, "లాగు సారూ" అన్నాడు.

రెండు కోతలు కొయ్యాలి. ఆటో పట్టేంత ముక్క తియ్యాలి. రెండో కోత అయ్యాక కుర్రాళ్లు ముక్కను దొర్లించారు. ఆయన వెళ్లి ఆటోలో కూర్చున్నాడు. జనగామ దవాఖానలో డాక్టరు, "కరిచి ఎంతసేపైంది?" అని అడిగాడు. ఆమె నాడి చూశాక మళ్లీ అడగలేదు.

* * *

మర్నాడు మా జిల్లా పేజీలో బంద్ సంపూర్ణమని పెద్ద శీర్షిక. కింద కల్వర్టు మీద పడిన చింతచెట్టు, కుర్రాళ్ల భుజాల మీద ఆయన నవ్వు. లోపలి పేజీలో సింగిల్ కాలమ్, నాలుగు వాక్యాలు: పత్తి ఏరుతుండగా పాము కాటేసి మహిళ మృతి చెందిందని. రెండూ నేను రాసినవే. రెండింటిలో ఒక్క తప్పు లేదు.

పది రోజుల తరువాత ఆయన ఆఫీసుకు వచ్చాడు. గడ్డం పెరిగింది. ఆ నాలుగు వాక్యాలను కత్తిరించి జేబులో పెట్టుకొని తెచ్చాడు. ఎవరితోనో చదివించుకొని ఉంటాడు. నా బల్ల మీద పరిచాడు.

"సారూ, ఇందుల చెట్టు లేదు."

నేను తలుపు మూశాను. ఆ రోజుల్లో నాలాంటి వాళ్లందరూ చెప్పే మాటే నేనూ చెప్పాను. "అది రాస్తే ఎదుటోళ్లు దాన్నే పట్టుకుంటరన్నా. ఉద్యమం మనుషులను చంపుతున్నదంటరు."

"ఉద్యమం గాదు సారూ. నేను. నా పేరు రాయి."

"నీ పేరు రాస్తే ఊళ్లె నిన్ను బతకనియ్యరు."

"ఇప్పుడు బతుకుతున్ననా?" అన్నాడు. గొంతు పెంచలేదు. "చెట్టు లేకపోతే ఆమె మాట సుత లేదు సారూ. పాము కరిచింది, పోయింది, గంతే. ఆమె గట్ల పోలే. నన్ను సూసుకుంట పోయింది. ఎవడు దారి మూసిండో తెలిసి సుత వాని వేళ్ల గురించి ఫికరు జేసుకుంట పోయింది. నువ్వు రంపం అవతల ఉన్నవు. నువ్వు విన్నవు."

"విన్న."

"మరి?"

నేను ఫోన్ మోగుతోందన్నట్టు అటు చూశాను. ఫోన్ మోగడం లేదు. ఆయన ఆ కాగితం ముక్కను మడిచి జేబులో పెట్టుకొని పోయాడు. ఆ వార్త నేను ఎప్పటికీ రాయలేదు. డెస్కు వద్దనలేదు, నాయకులు బెదిరించలేదు. నేనే రాయలేదు.

* * *

ఆ తరువాతి ఆదివారం ఆయన షెడ్డు బయట ఆగకుండా లోపలికి పోయాడు. నాకు ఈ సంగతి ఆ సంఘం పాస్టరు చెప్పాడు, కొంచెం ఇబ్బందిగా. ఒకటి రెండు ఆదివారాలు నేనూ వెళ్లి వెనుక కూర్చున్నాను.

అక్కడ ప్రార్థన చివర సాక్ష్యాలు చెప్పడం ఆనవాయితీ. ఆ వారం దేవుడు తమకు చేసిన మేలును లేచి నిలబడి చెప్పుకుంటారు. ఒకామె పిల్లవాడి జ్వరం తగ్గిందన్నది. ఒకాయన బోరులో నీళ్లు పడ్డాయన్నాడు. ఒక్కో సాక్ష్యానికీ అందరూ చప్పట్లు కొట్టారు. తరువాత ఆయన లేచాడు. సగం వేళ్ల చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి పెట్టుకున్నాడు.

"చింతచెట్టు కొట్టింది నేను. నా పెండ్లాం ఆటో దానికాడ ఆగింది. నేనే మళ్ల కోసిన. కోస్తాంటే ఆమె నన్ను సూసి, నిమ్మలంగ కొయ్యి, పైలం అన్నది. గంత మాట యాడ నేర్సుకున్నదో సూద్దామని లోపటికి వచ్చిన. ఇరవై ఏండ్లు బయట బీడీ తాక్కుంట కూసున్న. లోపట గిదే చెప్పిన్రంట. మేకులు కొట్టేటోళ్ల కోసం యేసయ్య తండ్రిని అడిగిండంట, ఈళ్లకు ఏం తెల్వదు, ఇడిసిపెట్టు అని. నా పెండ్లాం గదే నేర్సుకున్నది. గిదే నా సాక్ష్యం."

మొదటి మాటను ఆయన వదిలేశాడు. తొర్రమొద్దు అన్నది దేవుని మందిరంలో చెప్పే మాట కాదనుకున్నాడేమో. వేళ్ల సంగతి కూడా తీసేసి, జాగ్రత్త అనే అర్థంలో పైలం అని మర్యాదగా సర్దాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

తరువాతి వారం మళ్లీ లేచాడు. అదే చెప్పాడు. ఆపై వారమూ అదే. పాస్టరు ఒకరోజు ఆయన్ని పక్కకు తీసుకుపోయి మెల్లగా చెప్పాడు. నేను దగ్గరే ఉన్నాను.

"సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలు చెప్పాలె గదా పెద్దయ్యా."

"గదే చెప్తున్న అయ్యగారూ."

"వారం వారం ఒక్కటేనా?"

"నాకు ఇంకోటి చెయ్యలే ఆయన."

పాస్టరు చెడ్డవాడు కాదు. చెప్పొద్దని అనలేక ఆయన్ని వరుసలో చివరికి మార్చాడు. చివరి సాక్ష్యం వేళకు జనం లేచి, పిల్లలను పిలుచుకుంటూ, చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు. ఆయన ఆ చెప్పుల చప్పుడులోనే నిలబడి మొత్తం చెప్పి కూర్చునేవాడు.

రాష్ట్రం వచ్చాక ఊళ్లో సంబురాలు చేశారు. ఉద్యమంలో పనిచేసిన వాళ్లందరినీ వేదిక మీదికి పిలిచి శాలువాలు కప్పారు. "రోడ్డు మూసిన మొనగాడు" అని ఆయన్నీ పిలిచారు. ఆయన ఎక్కాడు. శాలువా కప్పనిచ్చాడు. మైకు దగ్గరికి వచ్చి, "చింతచెట్టు కొట్టింది నేను" అన్నాడు. చప్పట్లు మోగాయి. "నా పెండ్లాం ఆటో దానికాడ..." అనేసరికి మైకు ఆగిపోయింది. వెంటనే డప్పులు అందుకున్నాయి. ఆయన పెదవులు చాలాసేపు కదులుతూనే ఉన్నాయి. పక్కన నిలబడిన ఒకడు నవ్వుతూ నడుం చుట్టూ చెయ్యి వేసి కిందికి దింపాడు. "ఏందే మామా, పండుగ పూట ఏడుపు ముచ్చట!" అన్నాడు. శాలువాను మడిచి కుర్చీలో పెట్టి ఆయన ఇంటికి పోయాడు. నెల తిరగకముందే ఊరు విడిచి పోయాడని తెలిసింది.

* * *

రెండేళ్ల తరువాత నన్ను మహబూబాబాద్‌కు మార్చారు. ఏదో వార్త కోసం అక్కడి పెద్ద దవాఖానకు పోతే, పాముకాటు కేసులు పెట్టే వార్డులో ఒక మంచం పక్కన నేల మీద ఆయన కనిపించాడు. బాగా ముసలివాడైపోయాడు. రైలుకట్ట పక్కన టింబర్ డిపోలో కావలి ఉంటున్నాడట. కట్టెల మధ్య ఉంటాడు కానీ రంపం ముట్టడు. పని లేని పూట ఇక్కడికి వచ్చి కూర్చుంటాడు.

ఆ మంచం మీద తండా నుంచి తెచ్చిన మనిషి ఉన్నాడు. మిరపతోటలో కరిచిందట. కళ్లు మూతపడి ఉన్నాయి. అతని భార్య తమ భాషలో ఏదో తనలో తాను అనుకుంటూ కాళ్లు పిసుకుతోంది. ఈయనకు ఆ భాష రాదు. ఆమెకు తెలుగు అంతంత మాత్రం. ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఆమె నీళ్లకు లేచినప్పుడు ఆ కాళ్ల దగ్గర ఆయన కూర్చునేవాడు. ఆమె రాగానే జరిగేవాడు.

ఇంతలో పట్టణం నుంచి ఒక సంఘం వాళ్లు పండ్లు పంచుతూ వచ్చారు. తెల్లచీర కట్టుకున్న ఒకామె తండా ఆమె భుజం మీద చెయ్యి వేసి, "ఏడువకు బిడ్డా, అంతా దేవుని చిత్తం" అన్నది.

"దేవుని మీద ఎయ్యకుండ్రమ్మా" అన్నాడు ఈయన, కూర్చున్నచోటు నుంచే.

"ఏందయ్యా?"

"కరిచింది పాము. ఆయన మీద ఎందుకేస్తరు? నా పెండ్లాం పోయినప్పుడు సుత గిదే అన్నరు. దేవుడు రంపం పట్టలే. నేను పట్టిన."

వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకొని, అరటిపండు మంచం మీద పెట్టి ముందుకు పోయారు. నేను ఆయన పక్కన కూర్చున్నాను.

"మరి దేవుడేం చేస్తడన్నా?"

"మేకులు కొట్టకముందు ఒక తోటల పడి ఏడ్సిండంట సారూ, చెమట కారంగ. ఎంట ముగ్గురు దోస్తులున్నరు. నన్ను కాపాడుండ్రి అనలే. జర నా ఎంట మెలకువతో ఉండుండ్రి అన్నడు. గంతే అడిగిండు. గాళ్లు పండుకున్నరు. గాయనకు గది సుత దొరకలే. గందుకే నేను మెలకువతో ఉంటున్న."

"నీకు నిమ్మలమైందా మరి?"

"నిమ్మలం గాలే. ఎందుకైతది?" అన్నాడు. ఎదురుగా మంచం మీది మనిషి ఛాతీ లేస్తుందో లేదో చూస్తూ మాట్లాడుతున్నాడు. "ఒంటరిగ లేను, గంతే. మొదట్ల బరువు మొత్తం నా మీదనే ఉండె. ఇప్పుడు రంపం అవతల ఎవలో పట్టినట్టున్నది. నూకుతలేడు. లాగుతున్నడు." కొంచెం ఆగి, మొదటిసారి నా వైపు తిరిగి సగం నవ్వాడు. "నీ లెక్క గాదు సారూ. పని తెలిసినోడు."

నేనూ నవ్వాను. లేవబోతూ పిల్లల గురించి అడిగాను. ఒక్క బిడ్డ, భూపాలపల్లిలో ఉంటుంది, అల్లుడు బొగ్గుబాయిలో పని, అన్నాడు. "మాట్లాడదు" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. అడగాల్సింది. ఆ సాయంత్రమే తండా మనిషి చనిపోయాడు. శవాన్ని ఆటోలో ఎక్కించేదాకా ఈయన ఉన్నాడట.

* * *

భూపాలపల్లిలో కూతురి ఇల్లు గని కార్మికుల క్వార్టర్ల వెనుక. ముందు టెంటు వేసి, కుర్చీలు పరిచారు. నేను బస్సు ఆలస్యంతో చేరేసరికి పాస్టరు ఇంకా రాలేదు. నన్ను చూడగానే ఆమె లోపలి పని ఎవరికో అప్పగించి, పెరట్లోకి రమ్మంది. తల్లి పోలికే. పొట్టిగా ఉంది. కానీ గొంతు చిన్నది.

"కూసోండ్రి సారూ" అని బట్టలుతికే బండ పక్కన కుర్చీ వేసింది. తను నిలబడే ఉంది. "మంచాన పడ్డంక నాయినను నేనే తోలుకొచ్చిన. ఆరు నెలలు చేసిన. కడిగిన, తినిపిచ్చిన. గని ఒక్కటి మాత్రం నమ్మలే."

"ఏంది?"

"గాయన చెప్పే ముచ్చట. అమ్మ నిమ్మలంగ కొయ్యి, పైలం అన్నదని. ఆఖరు రోజు సుత గదే అన్నడు." కొంగు చివరను వేలికి చుట్టుకుంటోంది. "మా అమ్మ నాకు తెలుసు సారూ. పైలం అనే మనిషి గాదు. చర్చిల అయ్యగారు మాట్లాడినట్టున్నది గా మాట. దారి మూసిన పాపం తన మీద లేకుండ నాయిన గిది అల్లుకున్నడనుకున్న. అమ్మ సచ్చిపోయినంక సుత ఆమె నోట్లె మాట పెట్టిండని, గందుకే ఇన్నేండ్లు మాట్లాడలే. ఆటోల ఉన్న పెద్దమ్మను అడిగిన. నేను ఏడుస్తున్న బిడ్డా, నాకేం ఇనబడలే అన్నది. కుర్రగాళ్లను అడిగిన. మేం దూరమున్నం అన్నరు. రంపం అవతల మీరున్నరని నాయిన చెప్పేది. అమ్మ అసలు ఏమన్నా అన్నదా? అనలేదంటే సుత నేనేం అనుకోను. నిజం చెప్పుండ్రి."

"అన్నదమ్మా."

"ఏమన్నది? ఉన్నదున్నట్టు చెప్పుండ్రి."

చెప్పాను. "ఓ తొర్రమొద్దూ, నిమ్మలంగ కొయ్యి. ఉన్న వేళ్లన్న ఉంచుకో, అన్నది."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"వేళ్లు అన్నదా?"

"అన్నది."

బట్టలుతికే బండ మీద కూర్చుంది. టెంటు దగ్గర ఎవరో కుర్చీలు సర్దుతున్న చప్పుడు, దూరంగా గని సైరన్.

"నాకు అన్నం పెట్టేటప్పుడు సుత గట్లనే తిట్టేది నాయినను" అంది చివరికి. "గీ మాట గిట్ల చెప్తే నేను గప్పుడే నమ్ముదును గదా. ఎందుకు చెప్పలే?"

"దేవుని ముందల చెప్పే మాట కాదనుకున్నడేమో."

"తొర్రమొద్దు" అంది ఆమె. అంటూనే ఏడుపు వచ్చేసింది. "నిజంగ తొర్రమొద్దే."

నేను అప్పుడు చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. పన్నెండేళ్ల కింద పేపర్లో నేను రాసిన నాలుగు వాక్యాల్లో చెట్టును వదిలేసిన సంగతి. చెప్పాను. ఆమె విని తల ఊపింది. లోపలికి పోయి మొహం కడుక్కొని వచ్చింది.

పాస్టరు వచ్చాక ప్రార్థన అయింది. పోయిన పెద్దమనిషి గురించి ఎవరైనా సాక్ష్యం చెబుతారా అని ఆయన అడిగాడు. ముందు వరుసలో కూర్చున్న ఆమె లేచింది. జనం ఇంకా సర్దుకుంటున్నారు. వెనుక ఎవరో చెప్పులు విడుస్తున్నారు. ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఆమె నిలబడి చూసింది. ఆగాక, చెట్టు దగ్గర మొదలుపెట్టింది.